దానం చేసిన చెయ్యి: శాలిబండ మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' జీవితం

చార్మినారు దగ్గరనుంచి దక్షిణంగా అలియాబాద్ వైపు నడిచి వస్తే మన శాలిబండ. రాజా రాయరాయాన్ దేవిడీ గడియారం ఎరగనివారు మనలో ఉండరు, అది 1904 నాటిది. అదే శాలిబండలో ఒకప్పుడు మరొక పెద్ద దేవిడీ ఉండేది. దాని యజమాని హైదరాబాదు రాజ్యానికి రెండు పర్యాయాలు ప్రధానిగా పనిచేసినవారు. ఉర్దూలోనూ, ఫార్సీలోనూ కవిత్వం చెప్పినవారు. అంతకంటే ఎక్కువగా ఆయన పేరు నిలిచింది మాత్రం ఆయన చేతివల్ల. ఆయన సవారీ బయటికి వచ్చిందంటే చాలు, వెనక ఫకీర్లు, బీదాబిక్కీ, పిల్లలు పరుగులు తీసేవారు. పక్కనే సంచీ పెట్టుకొని ఆయన గుప్పిళ్ళతో నాణేలు తీసి రెండువైపులా వెదజల్లుతూ పోయేవారు. పాతబస్తీలో తాతలు మనుమలకు చెప్పిన ముచ్చట ఇది. చాలా పుస్తకాల్లోకి కూడా ఎక్కింది.

ఆయనే మహారాజా సర్ కిషన్ పర్షాద్ బహద్దూర్, యమీనుస్సల్తనత్. కవిత్వంలో పెట్టుకున్న తఖల్లుస్ 'షాద్'. అంటే సంతోషంగా ఉన్నవాడని అర్థం.

ముస్లిం వెల్ఫేర్ సొసైటీ సావనీరులో ఒక హిందూ మహారాజా జీవితం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మొదటి జవాబు, ఆయన మన మొహల్లావారు. రెండవది, ఆయన హిందువుగా పుట్టి, హిందువుగానే ఉంటూ మన ప్రవక్త (స) మీద నాత్‌లు రాసినవారు, సూఫీల మార్గాన్ని మనసారా కోరుకున్నవారు. మూడవ జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. దానధర్మాలు చేసే సంస్థ ఏదైనా, మన సొసైటీతో సహా, ఆయన జీవితంలోనుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. పొగడ్తలతో పొద్దుపుచ్చితే అది కనబడదు. కాబట్టి మంచీ చెడ్డా రెండూ చెప్పుకుందాం.

కిషన్ పర్షాద్ 1864లో పుట్టారు. ఉత్తరాది నుంచి దక్కనుకు వచ్చిన ఖత్రీల కుటుంబం వారిది. అక్బరు పాదుషా దగ్గర రెవెన్యూ చూసిన రాజా తోడర్మల్ తమ పూర్వీకుడని చెప్పుకునేవారు. ఈ వంశంలో అందరికన్నా పేరు మోసినవాడు మహారాజా చందూలాల్. ఆయన 1806లో పేష్కారయ్యాడు, 1833 నుంచి 1843 దాకా దివాన్‌గిరీ కూడా చేశాడు. ఆయనా కవే, తఖల్లుస్ 'షాదాన్'. ఆయనా గొప్ప దాతే. ఆయన గుమ్మంలోకి వచ్చిన కవిగాని, ఫకీరుగాని, బ్రాహ్మణుడుగాని ఉత్త చేతులతో పోలేదని ప్రతీతి.

అయితే ఆ ఇచ్చిన సొమ్ము ఎక్కడిది? ఇక్కడ కాస్త ఆగాలి. చందూలాల్ కాలంలో రాజ్యం అప్పుల ఊబిలో దిగింది. విలియం పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీవ్యాపార సంస్థ దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పులు తెచ్చారు. శిస్తు వసూలును పాటదారులకు, గుత్తేదారులకు అప్పజెప్పారు. పాటదారుడు తాను కట్టినదానికి రెట్టింపు రాబట్టాలి గదా, ఎక్కడినుంచి రాబడతాడు? రైతు దగ్గరనుంచే. రైతులు ఊళ్ళు విడిచి పారిపోయిన జిల్లాలున్నాయి. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ పరిస్థితి చూసి శిస్తు బందోబస్తుమీద ఇంగ్లీషు అధికార్లను నిఘా పెట్టవలసి వచ్చింది. పామర్ కంపెనీ అప్పు తీర్చడం కోసం 1823లో ఉత్తర సర్కారుల మీద తనకు రావలసిన పేష్కష్ హక్కునే నిజాం శాశ్వతంగా వదులుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళ స్వార్థం అందులో ఉండనే ఉంది, కాదనను. కాని చందూలాల్ గుమ్మంలో పంచిన రూపాయికి వెనక ఎక్కడో ఒక ఊరు ఖాళీ అయింది. గుమ్మంలో నిలబడి పుచ్చుకున్నవాడు దీవించాడు. ఊరు విడిచి పోయినవాడి గోడు శాలిబండ దాకా రాలేదు.

మన కథానాయకునికి ఈ వంశంనుంచి పేష్కారీ, జాగీర్లు, దేవిడీ, కవిత్వం, దాతృత్వం అన్నీ కలిసే సంక్రమించాయి. మాతామహుడు రాజా నరేంద్ర పర్షాద్. మొదటి సాలార్ జంగ్ 1883లో చనిపోయినప్పుడు రాజ్యభారం కొంతకాలం ఈయన మీద కూడా పడింది. ఆ తాతగారి నీడలో కిషన్ పర్షాద్ పెరిగారు. ఫార్సీ, అరబ్బీ, ఇంగ్లీషు చదివారు. చిత్రలేఖనమూ, సంగీతమూ అంటే ప్రీతి. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషాకు దాదాపు ఈడువాడు, ఆయన మనసెరిగిన మనిషి. 1892లో పేష్కారయ్యారు. 1901లో విఖారుల్ ఉమరా దిగిపోయాక మదారుల్ మహాం, అంటే దివాన్ పదవి, ఈయనకు వచ్చింది. 1912 దాకా ఆ పదవిలో ఉన్నారు.

ఆయన దర్బారు సంగతి చెప్పాలంటే అదొక పుస్తకమవుతుంది. ఫసానా-ఎ-ఆజాద్ రాసిన పండిత్ రతన్‌నాథ్ సర్షార్ 1895లో ఈయన పిలుపు మీదనే హైదరాబాదు వచ్చారు. దబ్దబా-ఎ-ఆసఫీ అనే పత్రికను నడిపారు. ఇక్కడే కన్నుమూశారు. తరువాతి కాలంలో ఫానీ బదాయూనీకి కూడా ఈ నీడే దిక్కయింది. అల్లామా ఇక్బాల్ 1910లో హైదరాబాదు వచ్చినప్పుడు మహారాజాతో కుదిరిన స్నేహం చాలా ఏళ్ళు ఉత్తరాల ద్వారా సాగింది. వారిద్దరి ఉత్తరాలను డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పుస్తకంగా వేశారు. ముషాయిరాలకు ఆ దేవిడీ పెట్టింది పేరు.

ఇక ఆధ్యాత్మికం. ఇంట్లో హిందూ భార్యలూ ఉన్నారు, ముస్లిం భార్యలూ ఉన్నారు. పిల్లలు తల్లి మతంలో పెరిగారు, పేర్లు కూడా అట్లాగే. దీపావళికి దీపావళి, ఈద్‌కు ఈద్. మొహర్రం నెలలో అలావాల దగ్గర ఆయన శ్రద్ధ చూసినవారికి ఈయన ఏ మతంవాడో చెప్పడం కష్టమయ్యేది. కొందరు ముస్లింలు ఈయన లోలోపల ముస్లిమే అన్నారు. కొందరు హిందువులు ఈయన మతం చెడగొట్టుకున్నాడన్నారు. ఆయన మాత్రం వహ్దతుల్ వుజూద్ మార్గంలో, ఉన్నదంతా ఒక్కటే అనే తసవ్వుఫ్ మాటలో, తనకు కావలసిన జవాబు దొరుకుతుందని నమ్మారు. అజ్మీర్ ఖ్వాజా సాహెబ్ అంటే అపారమైన భక్తి. ఢిల్లీ ఖ్వాజా హసన్ నిజామీతో స్నేహం. సత్యం కోసం ఆయన పడిన తపన నటన కాదని నా నమ్మకం. పదవి కోసం నటించేవాడికి ఒకే మతం నటించడం తేలిక, రెండిటి మధ్య నిలబడి రెండువైపులా మాట పడనవసరం లేదు.

ఆయన దివాన్‌గా ఉన్న కాలంలోనే 1908 సెప్టెంబరు 28 వచ్చింది. మూసీ తుగ్యానీ గురించి మన ఇళ్ళల్లో వినని పిల్లవాడుండడు. అఫ్జల్ గంజ్ వైపు, కోల్సావాడీ వైపు ఇళ్ళకిళ్ళే కొట్టుకుపోయాయి. పురానాపూల్ నిలబడ్డది, మిగిలిన వంతెనలు దెబ్బతిన్నాయి. చనిపోయినవారు సుమారు 15,000 మందని లెక్క వేశారు. పడిపోయిన ఇళ్ళు దాదాపు 19,000, నీడ లేకుండా పోయినవారు 80,000 దాకా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ చూపించే చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెబుతారు. మహబూబ్ అలీ పాషా తన మహళ్ళ తలుపులు తెరిపించారు. లంగర్లు పెట్టారు, కూడూ గుడ్డా ఇచ్చారు. దివాన్‌గా మహారాజా యంత్రాంగం యావత్తూ ఈ పనిలోనే నిమగ్నమైంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అన్నం పెట్టడంతో సర్కారు ఊరుకోలేదు. వరద ఎందుకు వచ్చింది, మళ్ళీ రాకుండా ఏం చేయాలి అని అడిగారు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన నదిని కొలిచారు, ఎగువన తెగిన చెరువుల సంగతి తేల్చారు, రెండు జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. అంటే చూడదలచుకుంటే ఆ రాజ్యానికి కళ్ళు లేకపోలేదు. కష్టం నీళ్ళ రూపంలో చార్మినారు దరిదాపులకు వచ్చి తలుపు తట్టింది కాబట్టి చూసింది.

అదే వరదలో ఒక యువకుడు తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. ఆయనే అమ్జద్ హైదరాబాదీ. జామియా నిజామియాలో చదివినవాడు, చిన్న ఉద్యోగి, తరువాత రుబాయీలలో ఆయన్ను మించినవాడు దక్కనులో లేడనిపించుకున్నాడు. 1961 దాకా బతికాడు. షాద్, అమ్జద్ ఇద్దరూ ఒకే సత్యాన్ని వెతికారు. ఒకరు దేవిడీలోనుంచి వెతికారు. ఇంకొకరు ముగ్గురు మనుషులను నీళ్ళకు అప్పగించి వచ్చి వెతికారు. ఇద్దరి కవిత్వమూ తెలిసినవారు అమ్జద్ మాటకు బరువెక్కువ అంటారు, నాకూ అట్లాగే తోస్తుంది. కష్టం పడితేనే కవి అవుతాడని కాదు. అమ్జద్‌కు కళ్ళు మూసుకునే వీలు లేకపోయింది, అంతే.

1911 ఆగస్టులో మహబూబ్ అలీ పాషా కాలం చేశారు. కొత్త నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1912లో దివాన్ పదవిని కుర్రవాడైన మూడవ సాలార్ జంగ్‌కు ఇచ్చారు. మహారాజా పదవి లేనివారయ్యారు, పేష్కారీ పరువు మాత్రం మిగిలింది. ఆ తరువాత పద్నాలుగేళ్ళు ఆయన జీవితంలో అన్నిటికన్నా వెతుకులాట ఉన్న కాలం. ఉత్తరదేశ యాత్రలు చేశారు, దర్గాలు దర్శించారు, సాధువులనూ సూఫీలనూ కలిశారు, రాశారు. ఇంటినిండా ఫకీర్లే. అప్పులు పెరిగాయి, దానం తగ్గలేదు. చేతిలో ఉన్నది ఇవ్వకుండా ఉండలేని మనిషి. ఇది గొప్ప గుణమే, అందులో ఆక్షేపణ లేదు.

కాని నాణేలు వెదజల్లడం గురించి నాకెప్పుడూ ఒక సందేహం. సవారీ వెంట పరుగెత్తగలిగినవాడికే నాణెం దొరుకుతుంది. కాళ్ళు లేనివాడికి దొరకదు. పర్దాలో ఉన్న విధవరాలికి దొరకదు. సిగ్గుపడి గల్లీ మొగలో నిలబడిపోయిన తండ్రికి దొరకదు. అడగకుండా ఉండేవాళ్ళను ముఖం చూసి గుర్తుపట్టాలని మన దీన్ చెబుతున్నది. ఖైరాత్ వేరు, ఆరా తీయడం వేరు. మొదటిది చేసేవాడి మనసుకు హాయినిస్తుంది. రెండవది మనసును కలతపెడుతుంది. ఖ్వాజా సాహెబ్ బిరుదు గరీబ్ నవాజ్ గదా, బీదవాణ్ణి ఆదరించేవాడని. ఆదరించాలంటే ముందు వాడి ఇల్లెక్కడో తెలియాలి.

మహారాజా వారిని అనేముందు నా సంగతి చెప్పుకోవడం న్యాయం. ఒక రంజాన్‌లో రేషన్ కిట్ల పంపకం పని నామీద పడింది. వచ్చినవారి పేర్లు రాసుకొని, వరుస నిలబెట్టి, ఇచ్చి, ఫోటో తీసుకొని ఇంటికి వెళ్ళాను. నిద్ర బాగా పట్టింది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కార్చోబీ పని చేసుకొని బతికే ఒక ఆపా ఉండేది. కళ్ళు దెబ్బతిని పని మానేసి అప్పటికి ఆరు నెలలు. ఈద్ వెళ్ళిన తరువాత ఎవరో చెబితే తెలిసింది. తెలిసింది అనడం కూడా అబద్ధమే. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయిందని నాకు ముందే తెలుసు. ఎందుకాగిందో అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చేయవలసి వస్తుంది. అందుకే మహారాజా జీవితంలో ముందు చెప్పబోయే భాగం నాకు పరాయివాడి కథలా తోచదు.

1926లో కథ మలుపు తిరిగింది. ఆ ఏడాది మార్చిలో వైస్రాయి లార్డ్ రీడింగ్ బేరారు విషయమై నిజాంకు ఘాటైన ఉత్తరం రాసి, సార్వభౌమాధికారం ఇంగ్లీషువారిదేనని గుర్తుచేశాడు. రాజ్యపాలన మీద ఒత్తిడి పెరిగింది. ఆ ఏడాదే కిషన్ పర్షాద్‌ను మళ్ళీ పిలిచి, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అధ్యక్షుణ్ణి చేశారు. పేరు మారినా అది ప్రధాని పదవే. వయస్సు అరవై రెండు. 1937 దాకా, అంటే పదకొండేళ్ళు, ఆ కుర్చీలో ఉన్నారు.

అదే 1926లో మే నెలలో, ఇదే నగరంలో, సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. శాలిబండ దేవిడీకి వినపడని ఊళ్ళ గోడు అందులో అచ్చుపడడం మొదలైంది. ఏమిటా గోడు? రాజ్యం భూమిలో సుమారు నూటికి అరవై వంతులు సర్కారుది, ముప్పై వంతులు జాగీర్లు, పాయెగాలు, సంస్థానాలది, పది వంతులు నిజాం సొంత ఖర్చుకు సర్ఫెఖాస్. జాగీరులో శిస్తు ఎంతో, పట్టీ ఎంతో, దండుగ ఎంతో జాగీర్దారు మనుషులు చెప్పిందే లెక్క. దానిమీద వెట్టి. అధికారి ఊళ్ళోకి వస్తే మాలమాదిగలు మూటలు మోయాలి, కబురు పట్టుకొని పక్క ఊరికి పరుగెత్తాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మంగలి సేవ చేయాలి, గొల్లవాడు గొర్రెనివ్వాలి. కూలి లేదు, అడిగితే దెబ్బలు. నవాబుల రాజ్యం అనగానే అందులో ముస్లింలందరూ నవాబులేనని అనుకునేవాళ్ళున్నారు. అది తప్పు. ఊళ్ళల్లో దూదేకులవారు, నేతపనివారు, చిన్న సిపాయీలు, నగరంలో నౌకర్లు, రిక్షా లాగేవాళ్ళు, వీళ్ళే మనలో ఎక్కువమంది. వాళ్ళ కడుపు కూడా అంతంతే.

వెట్టి కూడదని సర్కారు నుంచి ఉత్తర్వులు వచ్చిన మాట నిజం. ఉత్తర్వు ఫైలులో ఉంది, వెట్టి ఊళ్ళో ఉంది. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు ఆంధ్ర జనసంఘం తరఫున, 1921 తరువాత, ఆ ఉత్తర్వులనే చిన్న పుస్తకాలుగా ప్రజలకు తెలియజెప్పవలసి వచ్చింది. తమకు సర్కారు ఇచ్చిన హక్కు తమకే తెలియనంత చీకటి. చదువు ఎరిగినవాళ్ళు నూటికి ఐదుగురు ఉంటే ఎక్కువ. రాజ్యంలో దాదాపు సగంమంది భాష తెలుగు. బడిలో, కచేరీలో ఆ భాషకు చోటు లేదు.

ఈ గోడు వినడానికి మార్గమేమిటి? జనం సభ పెట్టుకొని చెప్పుకోవాలి. 1929లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం సర్కారు ముందస్తు అనుమతి లేకుండా బహిరంగసభ జరుపరాదు. కౌన్సిల్ అధ్యక్షుడు ఎవరు? మన షాద్ గారే. నిర్ణయాలన్నీ ఆయన చేతిలో లేవు, నిజాం మాటకు ఎదురుచెప్పే కాలం కాదు, ఇంగ్లీషు మంత్రులు కౌన్సిల్లో కూర్చుని ఉన్నారు. ఇవన్నీ ఒప్పుకుందాం. ఆయన పేరు పదవికే గాని పెత్తనం ఇతరులదనే వాదన కూడా ఉంది. అయినా పదకొండేళ్ళు చిన్న కాలం కాదు. ముషాయిరాలకు ఆ దేవిడీ తలుపులు ఏ రాత్రయినా తెరిచే ఉండేవి. ఊళ్ళవాళ్ళు నలుగురు కూడి తమ బాధ చెప్పుకోవాలంటే మాత్రం కాగితం కావాలి, ముద్ర కావాలి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, సురవరంవారే అధ్యక్షులు. రాజకీయాలు మాట్లాడరాదన్న షరతుల మీదనే దానికి అనుమతి దొరికింది.

మహారాజాకు ఇదంతా తెలియదా? తెలియదని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఆయన మందమతి కాదు. ఇక్బాల్‌తో సరిసమానంగా ఉత్తరాలు నడిపినవాడు. అరజీలు ఆయన బల్లమీదకే వచ్చేవి. జాగీరు అంటే ఏమిటో జాగీర్దారుకు కాక ఎవరికి తెలుస్తుంది? తెలియకపోవడం ఒకటి. తెలుసుకోకుండా ఉండగలగడం ఇంకొకటి. ఈ రెండవదానికి ఐశ్వర్యం కావాలి, మంచిమనసు కూడా కావాలి. ఇది విచిత్రంగా వినబడుతుంది గాని ఆలోచించండి. చెడ్డవాడికి నిద్ర పట్టడానికి సాకు అక్కరలేదు. మంచివాడికి కావాలి. రోజూ గుప్పిళ్ళతో ఇస్తున్నానుగదా అన్న తృప్తి ఆ సాకు అవుతుంది. ఉన్నదంతా ఒక్కటే అనే గొప్పమాట కూడా, జాగ్రత్తగా ఉండకపోతే, అట్లాంటి సాకే అవుతుంది. అంతా ఒక్కటే అయినప్పుడు కొట్టినవాడెవడు, దెబ్బ తిన్నవాడెవడు అని తేలిపోతుంది. మన పెద్ద సూఫీలు ఆ మాటను ఇట్లా వాడుకోలేదు. నిజాముద్దీన్ ఔలియా వంటివారు తాము పస్తుండి ఖాన్ఖాహ్ లంగరులో ఊరికి అన్నం పెట్టారు, సుల్తానుల దర్బారు గుమ్మం తొక్కలేదు. దర్బారులో ఉంటూ దర్వేషుగా ఉండవచ్చునని షాద్ అనుకున్నారు. అందులో ఆయన ఎంత నెగ్గారో చెప్పడం నావల్ల కాదు. సూరా మాఊన్ నమాజులో చదివేటప్పుడు మాత్రం ఆయన గుర్తుకు వస్తారు. నమాజు చేస్తూనే అనాథను తోసేసేవారి మాట అందులో ఉంది. ఆయన అనాథను తోసేయలేదు. ఆయన పాలనలో తోసేశారు, ఆయన తల తిప్పుకున్నారు. ఈ తేడా పెద్దదో చిన్నదో మీరే తూచండి.

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. మతం పేరున ఎవరినీ ద్వేషించని ప్రధాని ఆయన. 1930ల్లో దేశంలోనూ, ఈ రాజ్యంలోనూ హిందూ ముస్లిం తగాదాలు ముదురుతున్నాయి. రెండువైపులా బిగుసుకుంటున్న కాలంలో ఆ దేవిడీలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అది ఆయన తరువాత చాలాకాలం కరువైంది. పాతబస్తీలో ఆయన పేరు చెబితే పెద్దల ముఖాలు విచ్చుకోవడానికి నాణేలొక్కటే కారణం కాదు, ఇదీ కారణమే.

హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ పోయేదారిలో షాద్‌నగర్ ఉంది, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోది. దానికి ఆ పేరు వచ్చింది మన మహారాజా తఖల్లుస్ మీదనే. ఆంధ్ర మహాసభలు జోగిపేట తరువాత దేవరకొండలో, ఖమ్మంలో, సిరిసిల్లలో జరిగాయి. అయిదవ మహాసభ 1936లో ఈ షాద్‌నగర్‌లోనే, కొండా వెంకట రంగారెడ్డిగారి అధ్యక్షతన జరిగింది. వెట్టి పోవాలి, పిల్లలకు తల్లిభాషలో చదువు కావాలి, శిస్తు భారం తగ్గాలి, సభలమీద ఆంక్షలు తీయాలి, ఇవి ఆ సభలవారు ఏడాది తరువాత ఏడాది అడుగుతూ వచ్చిన కోర్కెలు. అప్పటికింకా కౌన్సిల్ అధ్యక్షుడు కిషన్ పర్షాదే. ఆయన పేరు పెట్టుకున్న ఊరికే జనం నడిచి వచ్చి, బళ్ళు కట్టుకొని వచ్చి, తమ బాధ చెప్పుకున్నారు. సవారీ వెంట పరుగెత్తి నాణెం ఏరుకోవడానికి కాదు. కూలి అడగడానికి వచ్చారు, మనుషులుగా లెక్కలోకి తీసుకోమని అడగడానికి వచ్చారు.

మరుసటి ఏడాది 1937లో మహారాజా పదవినుంచి దిగారు, సర్ అక్బర్ హైదరీ ఆ కుర్చీ ఎక్కారు. మూడేళ్ళకు 1940 మే 13న కిషన్ పర్షాద్ కన్నుమూశారు. ఆయుష్షు డెబ్బై ఆరేళ్ళు. పాతబస్తీ మొత్తం దుఃఖించింది, హిందువులూ ముస్లింలూ తేడా లేకుండా. ఆ దుఃఖం నిజమైనదే.

ఆయన పోయిన ఆరేళ్ళకు నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో రైతులు కర్రలూ వడిసెలలూ పట్టుకున్నారు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యమే పోయింది. ఆ సమయంలో దేవిడీల్లోని పెద్దలకన్నా ఊళ్ళల్లోని బీద ముస్లింలు, ఏ జాగీరూ అనుభవించనివారు, ఎక్కువ నష్టపోయారు. ఆ సంగతి మన కుటుంబాల్లో చాలావాటికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. చందూలాల్ నాటినుంచి వచ్చిన ఆ ఐశ్వర్యం మూలం అక్కడ తెగింది.

శాలిబండలో ఇప్పుడు దుకాణాలు, మల్గీలు, మిఠాయి అంగళ్ళు, ఆటోల రొద. రాయరాయాన్ గడియారం దగ్గర ఆగి మహారాజా దేవిడీ ఎక్కడని కుర్రవాళ్ళను అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. షాద్‌నగర్ పోయే బస్సు ఎక్కడ దొరుకుతుందని అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు.